దరోజి ఈరమ్మ కథాగానము

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించిన నాడే పాత బళ్లారి జిల్లా విభక్తమై, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. బళ్లారి పట్టణము మైసూరునకు పోయినది. రాజ్యముల పొలిమేరలు మారినను, తంబుర భుజమున వేసికొని ఊరూర బుర్రకథ చెప్పుకొని బ్రతికెడి బుడగజంగముల త్రోవ మాత్రము మారలేదు. ఇంట తెలుగు మాటాడుచు, కన్నడదేశపు రచ్చలలో కావ్యములు పాడు ఆ సంచారకులమున పుట్టినది దరోజి ఈరమ్మ.

1943లో ప్రజానాట్యమండలి వెలసిన పిమ్మట కోస్తా సీమలో బుర్రకథకు నూతనజీవము కలిగెను. షేక్ నాజర్ బెంగాలు కరవును, అల్లూరి సీతారామరాజు చరితమును గానముచేసి వేలకొలది జనులను కదిలించెను. అది మహోపకారమే. అయినను ఆ పునరుజ్జీవనమున తంబుర, గుమ్మెట, వంతపాట నిలిచి, కులవృత్తిగా వానిని తరతరములుగా మోసిన జంగముల ప్రాతకథలు వెనుకబడినవని నా తలంపు.

ఆ ప్రాతకథలకు ఈరమ్మ కంఠమే భాండాగారమయ్యెను. అక్షరమెరుగని ఆమె, తండ్రి నోట విని నేర్చిన 12 జానపద మహాకావ్యములను ధారణచేసినది. అవి అచ్చున ఇంచుమించు 7,000 పుటలగునట. వానిలో కుమారరామ కథ ఒకటి. 1327 ప్రాంతమున మహమ్మదు బిన్ తుగ్లకు సేనలకు కూలిన కంపిలి రాజ్యపు వీరకుమారుని గాథ అది. ఆ కంపిలి, ఈరమ్మ ఊరైన దరోజికి సమీపముననే ఉన్నది. శిథిలమైన కోటగోడలు చెప్పజాలని దుఃఖమును ఒక నిరుపేద స్త్రీ ఆరువందల యేండ్ల పిమ్మట అక్కడి ప్రజలకే పాడి వినిపించుటకంటె చరిత్రకు జరుగగల గౌరవమేమి?

1999లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారమును, పిదప హంపి కన్నడ విశ్వవిద్యాలయపు నాడోజ బిరుదమును ఆమెను వరించినవి. 2014 ఆగస్టు 12న ఆమె కన్నుమూసినది.

ప్రక్కకు మూడు నిమిషములు పాడు గ్రామఫోను రికార్డుల కాలమున చిన్నచిన్న పల్లెపాటలు పట్టణముల కెక్కినవి గాని, రాత్రి పొడవునను సాగు ఇట్టి కథ అందు ఇముడునది కాదు. పండితులు దానిని లిపిబద్ధము చేసినందుకు మనము కృతజ్ఞులము. కాని వంతలు పల్లవి నందుకొను ఆ క్షణకాలమున కథకురాలు ఊపిరి తీసికొని, ఎదుటి జనుల మొగములు చూచి, యుద్ధఘట్టమును పెంచుటయో తల్లి శోకమును నిలుపుటయో నిశ్చయించుకొనును. ఆ నిశ్చయము ఏ పుటకును ఎక్కలేదు.