మంచుసీమలో మట్టిపని



తర్కశాస్త్రము నభ్యసించు బాలునకు గురువు మొట్టమొదట చూపు దృష్టాంతము కుండ. మన్ను దానికి సమవాయి కారణము. కుమ్మరి, సారె, కఱ్ఱ మున్నగునవి నిమిత్త కారణములు. కారణము లోపించినచో కార్యము పుట్టదు. నేను చిన్ననాఁడు వల్లించిన యీ పాఠమును, ఉత్తరధ్రువ సమీపమునందలి యొక జాతి చరిత్రకు అన్వయించి చూడవలెనని నేఁడు నా సంకల్పము. ఏలయన, ఆ సీమలో కుండ పుట్టినది, మఱుగుపడినది, మరల పుట్టినది.

అలాస్కా మొదలు కెనడా మీదుగా గ్రీన్‌లాండు వఱకు వ్యాపించిన మంచుసీమలలో ఇన్యూయిట్ జనులును, వారి జ్ఞాతులును నివసింతురు. ఇన్యూయిట్ అనఁగా వారి భాషలో మనుష్యులని యర్థము. పరులు పెట్టిన ఎస్కిమో యను పేరు కెనడాలోని వారికి సమ్మతము గాదు. సీలు, తిమింగిలము, చేప, కారిబూ యను దుప్పిజాతి మృగము వారికి పూర్వమునుండి ఆహారము. ఆ తీరములలో పెక్కుచోట్ల వృక్షమన్నది లేదు. కట్టె కావలెనన్న, అలలు ఒడ్డునకుఁ ద్రోసిన దుంగయే శరణ్యము.

సుమారు 3000 ఏండ్ల క్రిందట మట్టిపాత్రలు చేయు విద్య సైబీరియానుండి అలాస్కాకు వచ్చెను. సారె లేదు, చేతితోనే మలఁచిరి. మన్ను పగులకుండుటకై గడ్డి, వెండ్రుకలు, ఈకలు, ఇసుక కలిపిరి. కాని ఆఱుటకు తగిన యెండ లేదు. ఆవము నిండుగా కాల్చుటకు వంటచెఱకు లేదు. అందుచే ఆ పాత్రలు దళసరిగను, పెళుసుగను ఉండెను. పిమ్మట ఇన్యూయిట్ల పూర్వులు తూర్పుగా కెనడా సీమలకు వలసపోయినప్పుడు, వారికి మెత్తని బలపపురాయి లభించెను. దానిని తొలిచి వంటపాత్రలును, కుల్లిక్ అను దీపమును చేసికొనిరి. సీలుకొవ్వు చమురుగా, నాచు వత్తిగా వెలుఁగు ఆ దీపమే యింటికి వెలుతురు, వేఁడి, పొయ్యి. దానిని కాపాడుట గృహిణి ధర్మము. ఇట్లు ఆ తూర్పుసీమలో రాయి ప్రబలి, మట్టిపని మఱుగుపడెను.

ఇఁక నిరువదవ శతాబ్దమునకు వత్తము. హడ్సన్ అఖాతపు పడమటి యొడ్డున రాంకిన్ ఇన్‌లెట్ అను నూరు కలదు. అచట 1957లో నికెలు గని పని సాగెను. ఆ 1957-58 శీతకాలముననే లోపలి భూములలో కారిబూ వేఁట దొరకక పలువురు ఆఁకలిచే మరణించిరి. బ్రదికినవారిలో కొందఱిని ఈ యూరికిఁ దెచ్చిరి. వేఁటకాండ్రు గనికూలీలైరి. 1962లో గని మూఁతపడెను. వేఁటను విడిచి జీతమునకు అలవడిన కుటుంబములకు ఆ జీతమును పోయెను. ఇంతకన్న దుర్భరమైన సంధి యేమి కలదు?

అప్పుడు కెనడా ప్రభుత్వము 1963లో అచట చేతిపనుల నారంభించెను. క్లాడ్ గ్రెనియే యను కళాకారుఁడు మట్టిపని శాలను నడపెను. టాటీ, కావిక్, సంగుషాక్, కార్లిక్ మొదలగువారు అందుఁ బనిచేసిరి. వీరిలో జాన్ కావిక్ 1897లో జన్మించినవాఁడు; అరువదియేండ్లు దాటిన పిమ్మట మన్ను చేతఁబట్టెను. వారు చేసిన పాత్రల ప్రక్కలనుండి మనుష్యముఖములు, మృగములు ఉబికి వచ్చుచుండును. 1967లో టొరంటో నగరమున వానిని ప్రదర్శించిరి.

కాని కొనువారిలో పలువురు సంశయించిరి. ఇన్యూయిట్ శిల్పమనిన రాయి, దంతము. మన్ను వారిది కాదు. ఇది నేర్పిన విద్య గాని సహజవిద్య కాదని వారి యాక్షేపము. అమ్మకము చాలలేదు. 1970 దశాబ్ది మధ్యమున ఆ శాల నిలిచిపోయెను.

ఈ యాక్షేపము నిలుచునా? దక్షిణ నగరములలో ఇన్యూయిట్ రాతిబొమ్మలకు గిరాకి యేర్పడినది 1949లో మాంట్రియాలునందు జరిగిన ప్రదర్శనము మొదలుగా. దంతము చెక్కుట మిగులఁ బ్రాచీనమే. కాని పరులకు విక్రయించు రాతిశిల్పమునకు మట్టిశాలకంటె పదునాలుగేండ్ల వయస్సు మాత్రమే యెక్కువ. మఱియు మట్టిపాత్ర వారి జ్ఞాతుల కొకప్పుడు వంటింటి వస్తువే. కావున పురాతనత్వమే ప్రమాణమైనచో, ఆ తీర్పు సరికాదు.

ఆ విద్య యంతటితో నశింపలేదు. జిమ్ షెర్లీ యను చిత్రకారుఁడు 1987లో ఆ యూరనే మాచ్‌బాక్స్ గ్యాలరీ యను చిన్న కళాశాలను స్థాపించెను. 1990 తరువాత అందు మట్టిపని పునరుద్ధరింపఁబడెను. పూర్వపు శాలలోని సంగుషాక్ మరల మన్ను పట్టెను. లారెంట్ అక్సాద్జువాక్ తన కుమారుఁడు రోజరునకు ఈ విద్య నేర్పెను. పాత్రలను నునుపుచేసి, రంపపుపొట్టు పొగలో కాల్చి, నల్లని చాయ తెప్పించు పద్ధతి అచట ప్రసిద్ధికెక్కెను. 1999 ఏప్రిల్ 1న ఆ సీమ నునావుట్ అను పేర ప్రత్యేక మండలమైనది.

తార్కికులు కర్తకు లక్షణము చెప్పుచు, జ్ఞానము, చికీర్ష, కృతి యను మూఁటిని పేర్కొందురు. ఎఱుక, చేయవలెనను కోరిక, ప్రయత్నము అని వాని యర్థము. రాంకిన్ ఇన్‌లెట్ శాలకు ఆవము పరులు తెచ్చినదే. కాని సీలు ఊపిరికై మంచురంధ్రమున తలయెత్తు తీరును ఎఱిఁగినవారెవరు? కఱవున పోయిన బంధువుల ముఖములను మన్నులో నిలుపఁగోరినవారెవరు? ఆ వ్రేళ్ల శ్రమ యెవరిది? ఈ మూఁడును వారివే యైనప్పుడు, కుండయు వారిదే. వస్తువు ఎచటినుండి వచ్చినదని గాక, కర్త యెవఁడని విచారించుట న్యాయము. చేతిపని వారలు కలిగిన ప్రతి గ్రామమునకును ఈ న్యాయము వర్తించును.