జర్మన్ విధ్యర్థకం: ఆజ్ఞ నుంచి అభ్యర్థన దాకా

జర్మన్‌లో ఎదుటివారిని ఏదైనా చేయమని అడిగే క్రియారూపం విధ్యర్థకం. 'కొమ్మెన్' (రావడం) అనే క్రియనే తీసుకుంటే, చనువున్న ఒక్కరితో 'కొమ్' అంటారు, అలాంటివారు పలువురైతే 'కొమ్ట్'. మర్యాద పాటించాల్సినవారు ఒక్కరైనా పదిమందైనా 'కొమ్మెన్ జీ' అనే అనాలి. మొదటి రెంటిలో సర్వనామం పలకరు. మూడోదానిలో 'జీ' లేకపోతే వాక్యమే నిలవదు.

ఈ తేడా సంబోధనల చరిత్ర నుంచి వచ్చింది. మొదట్లో ఎవరినైనా 'డూ' (నువ్వు) అనే పిలిచేవారు. 9వ శతాబ్దంలో వైసెన్‌బుర్గ్ మఠానికి చెందిన ఓట్‌ఫ్రీడ్ తన కావ్యాన్ని బిషప్ జాలొమోకు పంపుతూ బహువచనం వాడాడు. గౌరవానికి 'ఈర్' (మీరు) వాడటం మధ్యయుగాల్లో స్థిరపడింది. 17వ శతాబ్దానికి అదీ చాలలేదు. మన దగ్గర 'దొరగారు దయచేయాలి' అన్నట్టుగా, ఎదుట ఉన్న మనిషినే ప్రథమ పురుషలో 'ఎర్' (ఆయన) అనసాగారు. ఆ శతాబ్దం చివరికి దానిపైకి బహువచన 'జీ' (వారు) వచ్చింది. ఇలా పోగుపడిన అంతస్తులను వ్యాకరణవేత్త గొట్షెడ్ 1748 నాటి తన వ్యాకరణంలో అయిదుగా లెక్కగట్టాడు. తర్వాత 'ఎర్' విలువ పడిపోయి, కిందివారిని పిలిచే మాటగా మిగిలి, చివరికి వాడుకలోంచి పోయింది.

కనుక 'కొమ్మెన్ జీ' పుట్టుకతో ఆజ్ఞ కాదు, 'వారు వచ్చెదరు గాక' అనే ఆకాంక్ష. 'ఉండు' అనే క్రియ దీనికి సాక్ష్యం: 'వారు ఉన్నారు' అనడానికి 'జీ జిన్ట్' అంటారు, కానీ మర్యాదగా 'ఉండండి' అనాలంటే సంభావనార్థక రూపమైన 'జైయెన్ జీ' రావాల్సిందే. పాత వంట పుస్తకాల్లోని 'మన్ నేమె' (తీసుకొనునది) కూడా ఆ కోవలోదే.

చనువు రూపం అంతకన్నా పాతది. 'నేమెన్' (తీసుకోవడం)కు 'నిమ్', 'గేబెన్' (ఇవ్వడం)కు 'గిప్' అంటూ అచ్చు మారడం ప్రాచీన జర్మన్ కాలం నుంచీ ఉంది. నేటి మాటల్లో 'నేమ్', 'గేబ్' అనడమూ వినిపిస్తుంది. బడిలో మాత్రం దాన్ని తప్పుగానే దిద్దుతారు.

విధ్యర్థకం వాడితే మొరటుతనమని కొత్తగా నేర్చుకునేవారు జంకుతారు. అది అనవసర భయం. కరుకుదనాన్ని తగ్గించేవి పక్కన చేరే చిన్న మాటలే. 'కొమ్ మాల్ హేర్' అంటే అచ్చంగా మన 'ఒకసారి ఇటు రా'. 'జెట్సెన్ జీ జిష్ డోఖ్' అంటే మొహమాటపడకుండా కూర్చోమని. 'బిట్టె' మొదట 'వేడుకుంటున్నాను' అనే క్రియ, ఇప్పుడు 'దయచేసి'. బేకరీలో 'గేబెన్ జీ మియర్ బిట్టె...' అని రొట్టె అడిగితే ఎవరూ నొచ్చుకోరు. అపరిచితులను పెద్ద సాయమే అడగాల్సివస్తే 'క్యొన్టెన్ జీ' (మీరు చేయగలరా) అనే ప్రశ్న మేలు. బెర్లిన్ మెట్రోలో వినిపించే 'త్సురూక్‌బ్లైబెన్ బిట్టె' (వెనక్కి ఉండండి) లాంటి ప్రకటనలు ఈ చిక్కేమీ లేకుండా మూల క్రియారూపంతోనే సరిపెట్టుకుంటాయి.

1968 విద్యార్థి ఉద్యమం తర్వాత విశ్వవిద్యాలయాల్లో, క్రమంగా ఆఫీసుల్లో 'డూ' విస్తరించింది. అయినా పరిచయం లేని పెద్దలతో 'జీ'యే రివాజు. 'డూ' అనుకుందామని ముందుగా ప్రతిపాదించే హక్కు ఆనవాయితీగా వయసులో పెద్దవారిది.