గాలపు కర్ర (జెర్క్‌బెయిట్)
నల్లగొండ జిల్లా చిట్యాల వైపు చెరువుగట్ల మీద గాలమంటే వెదురు కర్ర, దారం, బెండు, కొక్కేనికి వానపాము. దెబ్బతిన్న చిన్నచేపలా కుదుపుతూ ఆడించే చేపబొమ్మ, అంటే జెర్క్‌బెయిట్‌కు అది చాలదు. రీలు బిగించే, కొన దగ్గరే వంగే కర్ర కావాలి. పొడవు సుమారు 6.5 అడుగులు మేలు: కుదుపు కిందికే గనుక పొడుగు కర్ర కొన నీళ్లకు తగులుతుంది. మరీ బిరుసైతే పట్టిన చేప నోటినుంచి మూడు ముళ్ల కొక్కెం ఊడిపోతుంది. మరీ మెత్తనైతే బొమ్మ కదలదు. పనంతా మణికట్టుదే, కాబట్టి తేలికైన కార్బన్ ఫైబర్ కర్రకు ఖర్చు పెట్టొచ్చు.

అయితే తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట నాచు, తూటికాడల మధ్య పొంచి ఉంటుంది. అక్కడ ఈ కొక్కేలు చేపకన్నా ముందు నాచునే పడతాయి. కప్పబొమ్మ, గట్టి కర్రే నయం.