కావ్యానికెక్కని కూర

మన సాంఘిక చరిత్ర రాసేవారికి కావ్యాలు పెద్ద ఆధారం. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి ఆ ఆధారాన్ని యెంత సమర్థంగా వాడుకున్నారో చదువరులకు తెలుసు. అయితే కావ్యానికెక్కని వంటిళ్ళ మాటేమిటి?

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట వానాకాలపు విస్తరిని వర్ణించాడు. వరి అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి. అదే కావ్యంలో, అదే ముసురులో, రైతుల తిండి కూడా వున్నది. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకుల్లో చింతచిగురు కలిపి, నూనెతో పొరటి, ఆరికల అన్నంతో తింటారు. ఈ పద్యం పాఠం చెప్పినప్పుడల్లా విష్ణుచిత్తుని విస్తరికంటె యిదే నాకు రుచిగా తోస్తుంది. అది మర్యాద తెలిసిన వంట. ఇది గట్టున మొలిచినదానితో సాహసించిన వంట. యే ఆకు చేదో, యే చేదుకు యెంత పులుపు విరుగుడో తిని చూస్తేగాని తెలియదు. అలా తిని చూసిన ఆడవారి పేర్లు యే శాసనంలోనూ లేవు.

ఆ పద్యంలో మిరపకాయ లేదు. ఆనాటి మన పల్లెలకు అది తెలియదు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ కాయ పోర్చుగీసుల వ్యాపారం వెంట 16వ శతాబ్దంలో మన దేశం చేరింది. మిరియాన్ని తలపించే పేరుతో దానిని యింటిదాన్ని చేసుకున్నాం. ప్రాచీన సంప్రదాయమంటూ గొంతు చించుకునే పెద్దలు తమ విస్తట్లోని గోంగూర పచ్చడిని ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

ఇక వరుగుల సంగతి. వరుగంటే యెండలో ఆరబెట్టిన కూరముక్క. ఆ విద్యతోనే తెలంగాణా దళితవాడల్లో మాంసాన్ని యెండబెట్టి తునకలు చేసుకున్నారు, సముద్రతీరాన రొయ్యలను యెండబెట్టారు. తునకలకు గోంగూర తోడయింది, యెండురొయ్యలకు చింతచిగురు తోడయింది. యెండ ఒకటే, పులుపు ఒకటే. కూరగాయ వరుగు కావ్యవస్తువయింది. మాంసపు వరుగు మాత్రం, వండినవారి కులం కారణంగా, వాడ పొలిమేర దాటలేదు.

పొలిమేర దాటిన వంటల గతి మరొక రకం. గోదావరికి యెర్రనీరు వచ్చినప్పుడు సముద్రంనుంచి యెదురీదే పులసనే చూడండి. 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద కాటన్ కట్టించిన ఆనకట్ట డెల్టాకు పంట తెచ్చింది, యీ చేప యెగువదారికి అడ్డుపడింది. దొరికేది తగ్గేకొద్దీ గిరాకీ పెరిగింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. (ఆ పుస్తెలు యెవరి మెడలోవో సామెత చెప్పదు.) బెండకాయలు వేసి, మట్టిదాకలో సన్నసెగమీద పులుసు కాచి, మర్నాటిదాకా వూరనిచ్చే నేర్పు గోదావరి యిళ్ళది. ఇప్పుడు ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకుతున్నది కనుక, వల వేసినవారు దానిని రేవులోనే అమ్మివేస్తున్నారు.