కంప్యూటరులో ఫ్యాను: రెండు తీగల నుంచి నాలుగు తీగల దాకా



డెస్క్‌టాప్ కంప్యూటరు క్యాబినెట్ పక్క రేకు విప్పి లోపల ఎప్పుడైనా చూశారా? ప్రాసెసర్ మీద ఒక ఫ్యాను, క్యాబినెట్ వెనుక గోడకు ఒకటి, విద్యుత్తు అందించే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెలో మరొకటి కనిపిస్తాయి. వాటి తీగలను లెక్కపెట్టండి. కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు, కొన్నిటికి నాలుగు ఉంటాయి. మోటారు తిరగడానికి రెండు తీగలు చాలు కదా! మరి మిగిలిన రెండూ ఎందుకు వచ్చాయి? ఈ చిన్న ప్రశ్న వెనుక కంప్యూటరుకూ వేడికీ మధ్య సాగిన ఎనభై ఏళ్ల పోరాటం ఉంది. ఈ పాఠంలో ఆ చరిత్రను తెలుసుకుందాం.

గదిని చల్లబరచిన కాలం

కంప్యూటరు వాడుకునే విద్యుచ్ఛక్తి అంతా దాదాపుగా చివరకు వేడిగానే మారుతుంది. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం లోకానికి చూపిన ఎనియాక్ యంత్రంలో సుమారు 18,000 వాక్యూం ట్యూబులు ఉండేవి. అది దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తును వాడుకునేది. అంటే ఒక్కొక్కటి 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు 150 ఒకే గదిలో వెలిగించి ఉంచినట్లు! అందుకే దానికి పెద్ద పెద్ద గాలి యంత్రాలు అమర్చారు.

మన దేశంలో కంప్యూటరు యుగం 1950లలో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో మొదలైంది. బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ మన శాస్త్రవేత్తలు రూపొందించిన టిఫ్రాక్‌ను 1960లో పనిలోకి తెచ్చింది. అందులో సుమారు 2,700 వాక్యూం ట్యూబులు ఉండేవి. తరువాత ట్యూబుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. 1969లో అందించిన టి.డి.సి.-12 ఆ తరానికి చెందిన యంత్రమే. ట్రాన్సిస్టర్ ట్యూబు కంటే ఎన్నో రెట్లు తక్కువ వేడిని పుట్టిస్తుంది. అయినా ఆనాటి కంప్యూటర్లకు చల్లని, దుమ్ములేని గది కావలసిందే. కంప్యూటరు గదిలోకి వెళ్లేముందు చెప్పులు బయట విడవాలనే నియమం మన పాఠశాలల్లో చాలా కాలం నిలిచింది. అది ఆ దుమ్ము భయం నుంచి వచ్చిన అలవాటే.

ఫ్యాను అక్కరలేని ప్రాసెసర్

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. దానిలోని ఇంటెల్ 8088 ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు 2 వాట్లలోపే. దాని మీద ఫ్యాను సంగతి అటుంచి, కనీసం లోహపు పలక కూడా లేదు. యంత్రం మొత్తానికి 63.5 వాట్ల సరఫరా పెట్టె, ఆ పెట్టెలో ఒక్క ఫ్యాను. లోపలి వేడిగాలిని అదే వెనుక నుంచి బయటకు తోసేది. మదర్‌బోర్డుకు ఫ్యానుతో సంబంధమే లేదు.

ఫ్యాను శబ్దం చేస్తుంది కాబట్టి అసలు అదే వద్దనుకున్నవారూ ఉన్నారు. ఆపిల్ సంస్థ 1980లో ఫ్యాను లేకుండా తెచ్చిన ఆపిల్ 3 యంత్రం మొదటినుంచీ లోపాలతో సతమతమై, 1984లో మార్కెట్ నుంచి తప్పుకుంది. దాని కష్టాలకు వేడి ఒక్కటే కారణం కాకపోయినా, వేడిని తక్కువగా అంచనా వేయరాదనే పాఠం మాత్రం మిగిలింది.

ప్రాసెసర్ వేగం పెరుగుతున్నకొద్దీ పరిస్థితి మారింది. 1992లో వచ్చిన 66 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్ల నాటికి పైన రెక్కల లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్, అవసరమైంది. 1993లో వచ్చిన తొలి పెంటియం సుమారు 15 వాట్ల వేడిని వెలువరించేది. హీట్‌సింక్ మీద ఫ్యాను మామూలైపోయింది. కొందరు రూపకర్తలు మరో దారి వెతికారు. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణంలో, సరఫరా పెట్టెలోని ఫ్యానే బయటి గాలిని లోపలికి పీల్చి ప్రాసెసర్ మీదికి ఊదాలని మొదట భావించారు. కాని ఆ గాలి సరఫరా పెట్టె లోపలే వేడెక్కి వచ్చేది. అందుచేత ఆ పద్ధతి నిలవలేదు. ప్రాసెసర్‌కు సొంత ఫ్యాను, ఆ ఫ్యానుకు మదర్‌బోర్డు మీద సొంత చోటు స్థిరపడ్డాయి.

మూడవ తీగ: ఫ్యాను మాట్లాడింది

ఈ ఫ్యాన్లు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడిచే బ్రష్ లేని మోటార్లు. రాసుకుని అరిగిపోయే బ్రష్‌లకు బదులు వీటిలో ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న అయస్కాంత ప్రభావం ఆధారంగా, తిరిగే అయస్కాంతం ఏ స్థితిలో ఉందో అది పసిగడుతుంది. ఆ సమాచారాన్ని బట్టి తీగచుట్టలలో విద్యుత్తు మారుతూ ఉంటుంది.

ఇక్కడొక చక్కని అవకాశం దొరికింది. తాను ఎక్కడ తిరుగుతున్నదీ ఫ్యానుకు ఎలాగూ తెలుసు కదా! ఆ సంగతిని మరో తీగ ద్వారా బయటికి పంపితే సరిపోతుంది. అదే మూడవ తీగ. ఫ్యాను ఒక్కసారి తిరిగితే ఆ తీగ మీద రెండు స్పందనలు వెలువడతాయి. సెకనుకు 80 స్పందనలు వస్తే 40 చుట్లు, అంటే నిమిషానికి 2,400 చుట్లు అన్నమాట. 1990లలో మదర్‌బోర్డుల మీదికి వచ్చిన పర్యవేక్షక చిప్పులు ఈ లెక్కను వేసి, వేగాన్ని తెర మీద చూపాయి. ఫ్యాను ఆగిపోతే యజమానిని హెచ్చరించాయి.

ఆ హెచ్చరిక విలువ ఎంతటిదో 2001లో తెలిసింది. ఒక కంప్యూటర్ పరీక్షా కేంద్రం నడుస్తున్న యంత్రాలలో ప్రాసెసర్ల మీది హీట్‌సింక్‌లను తొలగించి చిత్రీకరించింది. పెంటియం 4 తనంతట తాను వేగం తగ్గించుకుని బతికింది. ఆనాటి అథ్లాన్ ప్రాసెసర్ క్షణాలలో పొగలు కక్కుతూ కాలిపోయింది. చల్లదనం కొన్ని క్షణాలు అందకపోయినా ఎంత నష్టమో లోకానికి అర్థమైంది.

నాలుగవ తీగ: మదర్‌బోర్డు ఆజ్ఞాపించింది

చిప్పు మీద ట్రాన్సిస్టర్లు పెరుగుతూ పోతే వేడి మాటేమిటని గోర్డన్ మూర్ 1965 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలోనే చర్చించారు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ వోల్టేజీనీ తగ్గించుకుంటూ పోతే, చదరపు సెంటీమీటరుకు పుట్టే వేడి పెరగదని 1974లో ఐ.బి.ఎం.కు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం వివరించింది. చాలా ఏళ్లు ఆ సూత్రం పరిశ్రమను నడిపించింది. కాని వోల్టేజీ 1 వోల్టు సమీపానికి చేరాక ఇక తగ్గించడం కష్టమైంది. ఆపి ఉంచిన ట్రాన్సిస్టర్ల గుండా కూడా విద్యుత్తు కారిపోసాగింది.

2004లో వచ్చిన పెంటియం 4 తరంలో కొన్ని ప్రాసెసర్లు 115 వాట్ల వరకు వేడిని వెలువరించేవి. ఆ చిప్పు వైశాల్యం సుమారు 1.1 చదరపు సెంటీమీటర్లు. మన 750 వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు వైశాల్యం దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 5 వాట్లే. చిప్పు మీద అది 100 వాట్లు!

ఇంత వేడిని తీసివేయాలంటే ఫ్యాను వేగంగా తిరగాలి. ఎప్పుడూ అంతే వేగంగా తిరిగితే ఆ రొద భరించలేం. పైగా ఫ్యాను వాడుకునే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది కాని, శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి అవసరాన్ని బట్టి వేగాన్ని మార్చడం లాభం. ఎలా? అంతకు ముందు కొన్ని ఫ్యాన్లు చుట్టూ ఉన్న గాలి వేడిని తామే కొలిచి వేగం మార్చుకునేవి. కాని చిప్పు లోపలి వేడి వాటికి తెలియదు. వోల్టేజీ తగ్గించే పద్ధతి ఉన్నా, ఒక హద్దు దాటి తగ్గిస్తే ఫ్యాను ఆగిపోతుంది. సరఫరాను తెంపి తెంపి ఇస్తే మూడవ తీగ చెప్పే లెక్క తప్పుతుంది.

దీనికి పరిష్కారమే నాలుగవ తీగ. 2004లో ఎల్.జి.ఎ. 775 ప్రాసెసర్లతో పాటు ఇంటెల్ దీనిని వ్యాప్తిలోకి తెచ్చింది. 12 వోల్టుల సరఫరా ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆజ్ఞ మాత్రం వేరే తీగ మీద, సెకనుకు సుమారు 25,000 సార్లు వచ్చే స్పందనలుగా వెళుతుంది. ఒక్కో స్పందన ఎంతసేపు నిలిస్తే ఫ్యాను వేగం అంత ఎక్కువ. 25,000 అనేది మన చెవి వినగలిగే హద్దుకు పైన ఉంటుంది కాబట్టి సన్నని కూత వినిపించదు. ఇంకొక ముందుచూపు గమనించండి. ఆజ్ఞ తెచ్చే తీగ తెగిపోతే ఫ్యాను ఆగదు, పూర్తి వేగంతో తిరుగుతుంది. చెడిపోయినా మేలు వైపే చెడిపోవాలన్నది దీని వెనుకనున్న ఇంజనీరింగ్ సూత్రం.

మీరు అమర్చేటప్పుడు

ఈ చరిత్ర తెలిస్తే ఫ్యానును కలపడం సులువవుతుంది. ముందు కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసివేయండి. మదర్‌బోర్డు మీద నాలుగు పిన్నుల వరస పక్కన మొదటి మూడింటికి ఆనుకుని ఒక ప్లాస్టిక్ రేకు ఉంటుంది. ప్లగ్గు మీది గాడులు దానికి సరిపోయే వైపు తిప్పితేనే కూర్చుంటుంది. బలవంతం చేయవద్దు. పాతదాన్ని వదలకుండా కొత్తదాన్ని చేర్చారు కాబట్టి, మూడు తీగల ఫ్యాను నాలుగు పిన్నుల మీద కూర్చుంటుంది. నాలుగవ పిన్ను ఖాళీగా మిగులుతుంది. అప్పుడు వేగం మార్చాలంటే బయోస్‌లో వోల్టేజీ పద్ధతిని ఎంచుకోవాలి. లేకపోతే ఫ్యాను పూర్తి వేగంతోనే తిరుగుతుంది.

ప్రాసెసర్ ఫ్యానును దానికని గుర్తించిన పిన్నులకే కలపండి. అక్కడ స్పందనలు అందకపోతే చాలా మదర్‌బోర్డులు మొదట్లోనే హెచ్చరిస్తాయి. ఒక్కో పిన్నుల వరస సాధారణంగా 1 ఆంపియర్ వరకే విద్యుత్తు ఇస్తుంది. ఒకే చోట రెండు ఫ్యాన్లు కలపదలిస్తే, వాటి మీద ముద్రించిన ఆంపియర్లను కూడి, మదర్‌బోర్డు పుస్తకంలోని హద్దుతో పోల్చండి. గాలి సాధారణంగా ఫ్యాను చట్రంలో అడ్డకమ్మీలున్న వైపు నుంచి బయటికి వస్తుంది. ముందు నుంచి లోపలికి, వెనుక నుంచి బయటికి గాలి సాగేలా చూడండి.

వేసవిలో మరింత జాగ్రత్త

ఫ్యాను గది కంటే ఎక్కువ చల్లదనాన్ని ఇవ్వలేదు. ఒక హీట్‌సింక్ వాట్‌కు అర డిగ్రీ చొప్పున వేడెక్కుతుందనుకోండి. 65 వాట్ల ప్రాసెసర్ గది కంటే 32.5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. 25 డిగ్రీల గదిలో అది 57.5 డిగ్రీలు. మే నెలలో 42 డిగ్రీల గదిలో 74.5 డిగ్రీలు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఇంకా పైకి పోతుంది. చల్లని దేశాల వారికి చాలిన ఏర్పాటు మనకు చాలకపోవచ్చు. కాబట్టి వేసవికి ముందే రెక్కలు తుడవండి.

2006 తరువాత ఇంజనీర్లు వేగాన్ని పెంచడం మాని, ఒకే చిప్పులో ఎక్కువ కోర్‌లను పెట్టే దారి పట్టారు. ఆ మలుపు తిప్పింది వేడే. అయినా సమస్య తీరలేదు. 2022లో వచ్చిన కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గరిష్ఠ వేగంలో 250 వాట్లు దాటాయి. గణించే శక్తి ఎంత పెరిగినా, దాని వెంట వేడి వస్తుంది. ఆ వేడిని మోసుకుపోయే గాలికి దారి చూపవలసిందే.

ఈసారి క్యాబినెట్ తెరిచినప్పుడు ఆ తీగలను మరొకసారి లెక్కపెట్టండి. మొదటి రెండూ శక్తినిస్తాయి. మూడవది ఫ్యాను చెప్పే మాట. నాలుగవది ఫ్యాను వినే మాట.