ఇన్‌చార్జి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఆఫీసు మెట్లెక్కినా వినపడే మాట ఇది: ఇన్‌చార్జి తహశీల్దారు, ఇన్‌చార్జి ప్రిన్సిపాల్. ఇంగ్లీషులో దీనికి బాధ్యత చేతిలో ఉండటమనే అర్థం. అసలు అధికారి వచ్చేదాకా కుర్చీ చూసుకునే మనిషి అన్న అర్థం మన వాడుకలో గట్టిపడింది.

‘చార్జి’కి మూలం లాటిన్‌లో బండిని సూచించే ‘కర్రుస్’. బండికి బరువెక్కించడం అనే అర్థంతో ఫ్రెంచిలోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి చేరి బాధ్యత, రుసుము, దాడి అనే అర్థాలు తెచ్చుకుంది. మన బస్సు చార్జీ, లాఠీచార్జి, ఫోను చార్జింగు అన్నీ ఆ బండి సంతతే.

ఇన్‌చార్జి అనే మాట ఆఫీసులకే పరిమితం కాదు. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద, పాలకవర్గం లేని సంఘానికి రిజిస్ట్రారు నియమించే వ్యక్తిని ‘పర్సన్ ఇన్‌చార్జి’ అంటారు. మార్కెట్ కమిటీల్లోనూ ఇదే మాట.

పదవి తాత్కాలికమైనా పని తాత్కాలికం కాదు. మిర్చి టిక్కీల (బస్తాల) తూకం, పత్తి రైతు పంట రుణం వాయిదా కోరవు. అందుకే ఇన్‌చార్జికి నిర్ణయాధికారం పూర్తిగా ఇవ్వాలి. గడువు స్పష్టంగా రాయాలి. ఆ గడువులోగా రైతులు ఎన్నుకున్న పాలకవర్గం రావాలి.