రోగి మాటకు విలువ

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రజలకు పిచ్చాసుపత్రి అంటే విశాఖపట్నంలోని చినవాల్తేరే. 1912 నాటి చట్టం ప్రకారం బంధువుల అర్జీ, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటే చాలు, ఒకప్పుడు మనిషిని అలాంటి చోట ఉంచగలిగేవారు. అతని ఇష్టంతో నిమిత్తం ఉండేది కాదు.

మన చరిత్ర ఏమి చెబుతోంది? 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్, 1284లో కైరోలో ఖలావూన్ వక్ఫు ఆదాయంతో బీమారిస్తాన్లు నెలకొల్పారు. మనోవ్యాధిగ్రస్తులకూ అక్కడ ఉచిత చికిత్స లభించేది. అయితే 1184లో డమాస్కస్ వచ్చిన యాత్రికుడు ఇబ్నె జుబైర్ అక్కడ సంకెళ్ళలో ఉన్న రోగులను కూడా చూశాడు. దయ ఉన్నది, రోగిని అడగడం లేదు.

ఆ లోపం ఎంత దూరం తీసుకుపోతుందో 2001 ఆగస్టు 6న తేలింది. తమిళనాడులో ఏర్వాడి దర్గా సమీపంలోని ఒక ప్రయివేటు శరణాలయం తగలబడితే, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది కదలలేక మరణించారు.

2018 మే 29న అమలులోకి వచ్చిన కొత్త చట్టం గొలుసులను నిషేధించింది. తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో మనిషి ముందుగానే వ్రాసి ఉంచవచ్చు. తన ప్రతినిధిని తానే ఎన్నుకోవచ్చు. సమీక్షా బోర్డు ఆరుగురు సభ్యులలో ఇద్దరు రోగులో, సంరక్షకులో, వారి సంస్థల ప్రతినిధులో అయి ఉండాలి.

సోదరులారా! తుఫానుకు కొబ్బరిచెట్లు కూలితే ఎన్ని పోయాయని రైతునే అడుగుతాము. పెళ్ళికీ, పొలం అమ్మకానికీ ఇంటిల్లిపాదీ మష్వరా చేస్తాము. మనసు చెదిరినవాని విషయంలో మాత్రం అతణ్ణి తప్ప అందరినీ అడుగుతాము. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు 'షూరా' అనే పేరున్నది. ఆ సంప్రదింపులో అతనికీ చోటివ్వాలి.